నెల్వా చిరునవ్వు

హ్యామిల్టన్, మిషిగన్
మే నెలాఖరు, 2000

అక్కా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని మూతి తిప్పకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. కాగితమైతే కనీసం సంతకం దాకా నా మాట సాగుతుంది.

ముందు చెడ్డ కబుర్లు. మార్చిలో పడ్డ తడి మంచుకి మొక్కలు పెంచే పెద్ద ప్లాస్టిక్ షెడ్డు వంగిపోయింది. మంచు దులుపుతానని మా ఆయన హార్మ్ చీపురు పట్టుకుని నిచ్చెనెక్కాడు. ఈ వయసులో నీకెందుకు, దిగమన్నాను. దిగాడు, కానీ నిచ్చెన మెట్ల మీంచి కాదు. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్లకి బైనాక్యులర్స్ పెట్టుకుని, తోటలో నేను చేసే ప్రతి పనికీ వంక పెడుతున్నాడు. చేతికర్రతో అద్దం మీద ఒకసారి కొడితే ఆ కుండీ ఎడం పక్కకి జరపమని, రెండుసార్లు కొడితే కాఫీ కావాలని. ఎన్నిసార్లు కొట్టినా నేను కుడి పక్కకే జరుపుతున్నాను.

రెండోది. ఇన్నేళ్లుగా మా హోస్టా మొక్కలు టోకున కొనే ఆయన ఈ ఏడు వద్దనేశాడు. ఊరవతల పెద్ద దుకాణాల్లో సిమెంటు బస్తాలకీ టాయిలెట్ సీట్లకీ మధ్యన హోస్టాలు సంచుల్లో పెట్టి అమ్ముతున్నారు, జనం అక్కడే కొంటున్నారట. ఇలాగే ఉంటే వచ్చే ఏడు మా నీడమూల నర్సరీ గేటు తెరవక్కర్లేదు. ఇరవై ఐదేళ్లు మట్టిలో మోకాళ్లు అరగదీసుకుని పెంచాను దాన్ని. ఆ సంగతి తలుచుకుంటే రాత్రి అన్నం లోపలికి దిగడం లేదు.

ఇప్పుడు మంచి కబురు. కూచున్నావా? లేకపోతే కూచో.

నాలుగేళ్ల కింద మా వెనక మడిలో ఒక హోస్టా మిగతావాటిలా కాకుండా ఆకు వేసింది. పసుపుపచ్చ ఆకు మీద, ఈనెల వెంబడి, తడి కాగితం మీద సిరా ఒలికినట్టు ముదురాకుపచ్చ రంగు పాకింది. నీడలో పెరిగే ఈ మొక్కకి పువ్వులు పేరుకే, ఆకే అందమని నీకు తెలుసు కదా. ఇలాంటి ఆకు నేనెక్కడా చూడలేదు. ఎవరికీ చెప్పకుండా ఏటేటా కోసి పిలకలు వేరుచేస్తూ వచ్చాను. ఇప్పుడు మడి నిండా అవే. కొత్త మొక్కకి పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాళ్లది. హోస్టా ప్రేమికుల సంఘంలో ఒకసారి నమోదైతే ఆ పేరు ఎప్పటికీ ఆ మొక్కదే, ఇంకో హోస్టాకి పెట్టడానికి వీల్లేదు. హార్మ్ వాళ్లమ్మ పేరు పెడదామన్నాడు. ఆవిడ బతికున్నన్నాళ్లూ నా తోటలో చేసిన పెత్తనం చాలు.

అందుకని 'నెల్వా చిరునవ్వు' అని రాసి పంపేశాను. నీ చిరునవ్వు కూడా అరుదే కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది.

ఒక మొక్క పార్సిల్లో పంపుతున్నాను. నీడలో నాటు. ఒక్కటే మాట, కోసి పంచకు. వచ్చే జూన్‌లో డి మోయిన్‌లో హోస్టా ప్రేమికుల సభ ఉంది. అక్కడ వేలానికి పెట్టేదాకా ఇది ఇంకెవరి పెరట్లోనూ కనబడకూడదు. నర్సరీ నిలబడితే దీనివల్లే నిలబడాలి.

నీ చెల్లెలు,
ఆర్డిత్

*

పెల్లా, అయోవా
జూన్ 2000

ఆర్డీ,

నా చిరునవ్వు అరుదా? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నవ్వుతూనే ఉన్నాను, చర్చిలో కూడా. పాస్టరు గారు నరకం గురించి చెబుతుంటే నేను పిప్పరమెంటు చప్పరిస్తూ పళ్లికిలిస్తున్నానట. వెనక వరసవాళ్లు అడిగారు, ఒంట్లో బాగుందా అని.

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? ముప్ఫై ఏళ్లు ఆ చర్చి వంటింట్లో కాఫీ కాచాను. ఊళ్లో ఎవరు పోయినా హామ్ పెట్టిన బన్నులు పేర్చింది నేనే. వంటిల్లు కొత్తగా కట్టి, గోడకి ఇత్తడి ఫలకం పెట్టి, పాటుపడ్డ ఆడవాళ్ల పేర్లు చెక్కిస్తే అందులో నా పేరు లేదు. చోటు చాలలేదట! ట్రీనా వెర్‌స్టీగ్ పేరుకి మాత్రం చోటు చాలింది, పక్కన ట్యూలిప్ బొమ్మకి కూడా చాలింది. ఆ మనిషి జన్మలో ఒక్కసారి కూడా గిన్నె తోమలేదు. మా ఆయన గెరిట్ బతికున్నప్పుడు 'పోనీలేవే, దేవుడి దగ్గర రాసుంటుంది' అనేవాడు. దేవుడి దగ్గరిది ట్రీనా చదవదు కదా.

ఇప్పుడు నా పేరు ఒక మొక్కకి! ఫలకానికి వేళ్లు ఉండవు, పిలకలు వెయ్యదు. హోస్టాల గురించి ఇన్నేళ్లుగా నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అన్నీ కాదు, చాలావరకు.

మొక్క క్షేమంగా వచ్చింది. కోయొద్దన్నావు కదా, కోయను. నేనేమన్నా చిన్నపిల్లనా?

హార్మ్‌కి బఠాణీ సూప్ పెట్టు. ఎముకకి మంచిది కాకపోయినా నోటికి పని ఉంటుంది, నీకు కాసేపు ప్రశాంతంగా ఉంటుంది.

నెల్వా

*

హ్యామిల్టన్
జులై 2000

అక్కా,

నర్సరీకి మంచి రోజులు వస్తున్నట్టే ఉంది. ఒహాయో నుంచి డ్వేన్ ప్రిండిల్ అనే టోకు వర్తకుడు వచ్చాడు. తెల్ల బూట్లు వేసుకుని బురదలో దిగిన మొదటి మనిషి. నీ మొక్కల మడి చూసి టోపీ తీసేశాడు. సభలో వేలం కాగానే మడి మొత్తం తనకే కావాలన్నాడు. నేను అప్పటికప్పుడు ఊ అనలేదు. మొహం మాత్రం ఊ అన్నట్టే పెట్టాను.

ఇంట్లో మాత్రం శత్రువు పుట్టాడు. జింకలకి హోస్టా అంటే మనకి బాదం రొట్టె లాంటిది, రాత్రికి రాత్రి మొదలు దాకా మేసేస్తాయి. ఈ ఏడు మా తోటకి ఎందుకిలా గుంపులుగా వస్తున్నాయా అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం చూద్దును కదా, హార్మ్ కిటికీ తీసి, ఆపిల్ ముక్కలు విసురుతూ, 'రా తల్లీ, రా, ఆవిడ షెడ్డులో ఉందిలే' అంటున్నాడు. ఒక ఆడజింకకి పేరు కూడా పెట్టాడు. వాళ్లమ్మ పేరు.

నేను మాట్లాడటం మానేశాను. ఇప్పుడతను అద్దం మీద కొట్టే భాష ఒక్కటే మిగిలింది మా మధ్య.

నీ మొక్క ఎలా ఉంది? కోయలేదు కదా?

ఆర్డిత్

*

పెల్లా
ఆగస్టు 2000

ఆర్డీ,

మొక్క బాగుంది. చాలా బాగుంది. చాలాచోట్ల బాగుంది.

అంటే, ఆకులు చాలాచోట్ల బాగున్నాయి అని.

ఊళ్లో అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. పాస్టరు గారు ప్రార్థన అయ్యాక ప్రకటనల్లో కూడా చెప్పారు, మన సంఘ సభ్యురాలి పేరు ఒక మొక్కకి పెట్టడం విశేషమని. ట్రీనా మొహం చూడాలి నువ్వు. నిమ్మకాయ కొరికినట్టు పెట్టింది.

ఊరికే అడుగుతున్నాను, ఇందులో ఇంకేం లేదు. హోస్టాని ఎవరన్నా రొట్టెలు కోసే కత్తితో కోస్తే మొక్కకేమన్నా అవుతుందా? నేను కాదు. ఎవరో అడిగారు.

నెల్వా

*

హ్యామిల్టన్
సెప్టెంబరు 2000

అక్కా,

ఈ ఉత్తరం అందగానే నీ దగ్గరున్న మొక్కని వేళ్లతో సహా తవ్వి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, చెత్తలో పడెయ్. పెరట్లో ఎరువు గుంటలో వెయ్యకు. తవ్విన పారా, కత్తీ బ్లీచు నీళ్లలో కడుగు. కారణం తర్వాత చెబుతాను. దయచేసి ఏమీ అడక్కు.

ఆర్డిత్

*

పెల్లా
సెప్టెంబరు, అదే వారం

ఆర్డిత్,

ఏమీ అడగొద్దా? నాకర్థమైందిలే. పేరు మార్చేస్తున్నావు. ఆ తెల్ల బూట్లవాడు 'నెల్వా అంటే ముసలి పేరు, అమ్ముడుపోదు' అని ఉంటాడు. నువ్వు తలూపి ఉంటావు. చిన్నప్పటి నుంచీ నీకు వెన్నెముక లేదు. పెళ్లిలో కేకు మీద ఏ బొమ్మ పెట్టాలో కూడా హార్మ్ వాళ్లమ్మే చెప్పింది.

ఎవరి పేరు పెడుతున్నావు? అది చెప్పు చాలు. ట్రీనా నీకేమన్నా రాసిందా?

మొక్కని తవ్వను. నా పేరు నేను చెత్తలో వేసుకోను. ఇక్కడ ఎవరెవరి ఇళ్లలో ఉందో అందరి ఇళ్లలోనూ అలాగే ఉంటుంది.

నెల్వా హోక్‌స్ట్రా
(ఇంటిపేరుతో సహా రాశాను, మనం ఎంత దూరమయ్యామో నీకు తెలియాలని)

*

హ్యామిల్టన్
సెప్టెంబరు 2000

అక్కా,

'అందరి ఇళ్లలోనూ' అన్న ముక్క చదివాను. కోశావన్నమాట. సరే. ఇక దాచి లాభం లేదు. చదువుతూ కాగితం విసిరెయ్యకు.

ఆగస్టు ఆఖర్లో ఒకావిడ మొక్కలు కొనడానికి వచ్చింది. ఏదో విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్లు చూస్తుందట. నీ మడి దగ్గరకి వచ్చి ఆగింది. 'ఎంత బాగుంది' అంటుందని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వంగి, ఆకుని వెలుగుకి ఎత్తి చూసి, 'అమ్మా, దీన్ని ఎవరికన్నా ఇచ్చారా?' అంది. చావు కబురు చెప్పేవాళ్ల గొంతు అది. ఆకు తీసుకెళ్లి ల్యాబులో పరీక్ష చేసింది.

ఆ సిరా మరకలు కొత్త రకం కాదు అక్కా. వైరస్. హోస్టాలకే వచ్చే తెగులు. కోసిన కత్తికంటిన రసంతో ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పాకుతుంది. మందు లేదు. నేను నాలుగేళ్లు దాన్ని ముద్దు చేసి, పిలకలు తీసి, పేరు పెట్టి, ఆ కత్తితోనే పక్క మడులు కూడా కోశాను. నేనొక్కదాన్నే కాదట, దేశంలో చాలామంది ఆ జబ్బు ఆకుని చూసి అపురూపమనుకుని పేర్లు పెట్టేశారట. అంతమంది వెర్రివాళ్లలో ఒకదాన్నని తెలిస్తే ఓదార్పు అనుకున్నాను. కాదు.

నీకు చెప్పడానికి నోరు రాలేదు. 'అక్కా, నీ చిరునవ్వు అంటువ్యాధి' అని ఎలా రాయను? కోపంగా ఉంటావు, అది నాకు అలవాటే. బాధపడతావేమోనని భయం వేసింది.

అసలు తంటా ఇంకోటుంది. ఈ తెగులుకి మొక్క చావదు. చూడ్డానికి బాగానే ఉంటుంది. ప్రిండిల్‌కి నిజం చెప్పాను. వాడు తెల్ల బూటుతో మట్టి గీకుతూ, 'ఆవిడొక్కతే కదా చెప్పింది? కొనేవాళ్లకి ఆకు కావాలిగానీ ల్యాబు కాగితం ఎందుకు? మడి మొత్తం తీసుకుంటాను, నోరు మూసుకో' అన్నాడు. హార్మ్ కూడా, 'చావదు కదే మరి' అన్నాడు. నీతో అబద్ధమెందుకు, ఆ రాత్రి నేను కూడా అదే అనుకున్నాను. వాడికిస్తే నర్సరీ నిలుస్తుంది. ఇవ్వకపోతే మంచి మొక్కలు కాసిని మాత్రం మిగులుతాయి. వాడికింకా జవాబు చెప్పలేదు.

పేరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నీదే.

ఆర్డిత్

*

పెల్లా
సెప్టెంబరు ఆఖరు, 2000

ఆర్డీ,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం చేతికొచ్చింది. చూశావా దానికెంత తెలివో. మర్నాడు ఆదివారం. మన ఇళ్లలో ఆదివారం ఎవరన్నా పార పట్టుకున్నారా? నాన్న ఆదివారం గోళ్లు కూడా కత్తిరించుకోనిచ్చేవాడు కాదు. సరే, తెగులుకి ఆదివారం సెలవు లేకపోయినా నాకుంది అనుకుని చర్చికి వెళ్లాను. గుమ్మం పక్కనే, ఎవరు నాటారో నీకు వేరే చెప్పాలా, నా చిరునవ్వు. ప్రసంగం సాగినంతసేపూ తెరిచిన తలుపులోంచి దాన్నే చూస్తూ కూచున్నాను. అది అయ్యాక చూస్తే, పాస్టరు భార్య గుమ్మంలో వంగి, గోళ్లతో ఎండాకులు తుంపుతోంది. ఆవిడ ఇంటి చుట్టూ కంచె పొడవునా హోస్టాలే! నాకు కాలు కాలిన పిల్లిలా అయింది. నోట్లో ఉన్న పిప్పరమెంటు నమలకుండా మింగేశాను.

అవును, కోశాను. రొట్టెల కత్తితోనే. మహిళా మండలి కాఫీ రోజున అందరూ అడుగుతుంటే నేనే కాదనలేకపోయాను. ముక్క ముక్కకీ ఒక చీటీ కట్టి పేరు కూడా రాశాను. నా పేరు అన్నిసార్లు రాయడం ఎంత బాగుందో నీకు చెప్పలేను.

సోమవారం పొద్దున్నే సంచులు, పార, బ్లీచు బకెట్టు కారులో వేసుకుని బయల్దేరాను. మొదటి ఇంట్లో సిగ్గుపడి, ఫోటో తియ్యడానికి పట్టుకెళ్తున్నానన్నాను. 'మొక్కని సంచిలో కట్టి ఫోటో తీస్తావా?' అంది. రెండో ఇంట్లో, మట్టి మార్చాలన్నాను. మూడో ఇంటికొచ్చేసరికి అబద్ధాలు అయిపోయాయి. 'అమ్మాయ్, నా పేరుకి జబ్బు చేసింది, మీ మిగతా మొక్కలకి అంటకుండా తీసేస్తాను' అన్నాను. ఆవిడ కాఫీ ఇచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లో నిజమే చెప్పాను, ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. మధ్యాహ్నానికి నా చేతులు వణకడం మొదలెట్టాయి, పార నిలవడం లేదు.

ఒక్క ట్రీనా ఇవ్వనంది. గుమ్మానికి అడ్డంగా నిలబడి, 'నీ పెరట్లో కంటే నా పెరట్లో బాగా పెరిగిందని కడుపుమంట నీకు' అంది. తెగులని చెప్పాను. 'తెగులైతే ఇంత బాగా పెరుగుతుందా?' అంది. నీ ల్యాబు కాగితం లేదు కదా నా దగ్గర. సరే, బుధవారం దానికి జుట్టు రింగులు తిప్పించుకునే రోజని ఊరంతా తెలుసు. వెళ్లి, కంచె దాటి, తవ్వుతున్నాను. సగం తవ్వానో లేదో, తల నిండా రోలర్లతో, మెడకి ప్లాస్టిక్ గుడ్డతో, సెలూన్ నుంచి నడిచొచ్చేసింది. ఎవరో ఫోన్ చేశారు, ఈ ఊళ్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఆవిడ ఆకులు పట్టుకుంది, నేను వేళ్లు పట్టుకున్నాను. ఇద్దరి వయసు కలిపితే నూట నలభై పైనే ఉంటుంది. నీ మొక్క రెండు ముక్కలైంది. ఆవిడ వెనక్కి పడింది, రోలర్లు పచ్చిక నిండా దొర్లాయి. నేను లేపాను. లేచి ఏమందో తెలుసా? 'అయితే నిజంగానే తెగులా నెల్వా?' అంది. 'లేకపోతే నేను నీ కంచె దాటేదాన్నా' అన్నాను. అప్పుడిచ్చింది. చేతులు కూడా బ్లీచు నీళ్లలో కడుక్కుంది.

ఆ కత్తితోనే నా తోటలో మిగతా హోస్టాలూ కోశాను కాబట్టి అవన్నీ పీకేశాను. గెరిట్ సమాధి దగ్గర ఒకటి నాటాను. దాన్ని తవ్వేటప్పుడు మాత్రం ఏడ్చాను. ఆయన పక్కన నా పేరు నా కంటే ముందే చేరిందని మురిసిపోయి ఉన్నాను మరి.

ఇక ప్రిండిల్ సంగతి. వాడి చేతికి మడి మొత్తం పోతే, ఎన్ని ఊళ్లలో ఎంతమంది ముసలమ్మలు నాలాగా సంచులు పట్టుకుని తిరగాలి? వాళ్లందరికీ కాఫీ ఎవరిస్తారు? నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. చెప్పక్కర్లేదు.

వెన్నెముక లేదన్నాను. ఆ మాట కొట్టెయ్.

నెల్వా

*

హ్యామిల్టన్
అక్టోబరు 2000

అక్కా,

ప్రిండిల్‌ని పొమ్మన్నాను. హార్మ్ తన కర్రతో వాడి బూటు మీద పొడిచి మరీ పంపాడు. రాత్రంతా 'చావదు కదే' అన్నవాడే, పొద్దున్నే లేచి కుంటుకుంటూ ట్రాక్టర్ ఎక్కాడు. డాక్టరు చూస్తే మళ్లీ కట్టు కట్టేవాడు. వెనక పొలంలో పెద్ద గొయ్యి తవ్వాడు. నీ మడి, దాని పక్క మడులు, ఆ కత్తి తగిలిందని నాకు అనుమానం ఉన్నవన్నీ అందులో వేసి పూడ్చేశాం. నేను ఒక్కొక్క మొక్కనీ మోసుకెళ్తుంటే హార్మ్ మచ్చిక చేసిన ఆడజింక చెట్ల చాటు నుంచి చూస్తూ నిలబడింది. దాన్ని చూసి కూడా తిట్టాలనిపించలేదు. మేము ఇద్దరం ట్రాక్టర్ మీద కూచుని కాఫీ తాగాం. తీరిగ్గా మాట్లాడుకున్నాం కూడా, మూడు నెలల తర్వాత.

కొన్నవాళ్లందరికీ కార్డులు రాశాను, మా దగ్గర తెగులు వచ్చింది, మీ మొక్కలు చూసుకోండి అని. దాంతో ఉన్న కాసిని ఆర్డర్లూ పోయాయి. తెగులుందని తనే చెప్పుకునే నర్సరీలో ఎవరు కొంటారు? గేటు వైపు ముందు మడులకి మాత్రం తెగులు లేదు, పరీక్ష చేయించాను. కానీ వాటిని కొనేవాళ్లేరీ? గేటుకి మూసేస్తున్నామని బోర్డు పెట్టేశాను. డి మోయిన్ సభకి వెళ్లను. వాళ్ల మొహాలు చూడలేను.

ఇంకోటి కూడా చెప్పాలి. నమోదు పుస్తకం చూసే ఆయన్ని అడిగాను, పేరు వెనక్కి ఇస్తే ఒక మంచి మొక్కకి పెట్టుకుంటానని. రూలు ఒప్పుకోదట. నీ పేరు ఆ తెగులు మొక్కదే, ఎప్పటికీ. క్షమించక్కా. నీకు ఒక ఫలకం ఇద్దామనుకున్నాను.

ఆర్డిత్

*

పెల్లా
క్రిస్మస్ 2000

ఆర్డీ,

బాదం రొట్టె పంపుతున్నాను. జింకకి పెట్టొద్దని హార్మ్‌తో చెప్పు.

డి మోయిన్ సభ జూన్‌లో ఏ వారం? ఊరికే అడుగుతున్నాను.

నెల్వా

*

పెల్లా
జూన్ 2001

ఆర్డీ,

వెళ్లాను. అడిగితే వద్దనేదానివి, అందుకే అడగలేదు. డి మోయిన్ మా ఊరికి గంట ప్రయాణం కూడా కాదు. ట్రీనాని కూడా తీసుకెళ్లాను, దార్లో కారు పక్కన ఆపమని గొడవ చేసేవాళ్లు ఉంటే నిద్ర రాదు.

హోటల్ హాలు నిండా జనం. అందరి టోపీల మీద ఆకులే. ఆకుల ముందు మోకాళ్ల మీద కూచుని భూతద్దం పెట్టి చూస్తున్నారు. మన చర్చిలో కూడా ఎవరూ అంత భక్తిగా మోకరిల్లగా చూడలేదు. ఇంతమంది నీలాంటివాళ్లు ఉన్నారని నువ్వెప్పుడూ చెప్పలేదే? నువ్వొక్కదానివే అలా అయ్యావని ఇన్నాళ్లూ అమ్మని తప్పుపట్టాను.

వేలం మొదలైంది. మూడోదో నాలుగోదో కుండీ బల్ల మీద పెట్టారు. ఎవరో వేరే ఊరాయన తెచ్చాడట, పేరు కూడా వేరే. పసుపుపచ్చ ఆకు. ఈనెల వెంబడి సిరా మరకలు. హాలంతా 'ఆహా' అంది. చేతులు పైకి లేస్తున్నాయి. ట్రీనా నా మోచెయ్యి పొడిచి, 'నెల్వా, అది నువ్వే' అంది.

నా కాళ్లు ఎప్పుడు లేచాయో తెలీదు. 'ఆగండి' అన్నాను. నా గొంతు సంగతి నీకు తెలుసు, మైకు అక్కర్లేదు. వేలం పాడే ఆయన సుత్తి ఎత్తి అలాగే ఆగాడు. అప్పుడు నాకు భయం వేసింది ఆర్డీ. కూచుందామనుకున్నాను. ఒక్క మాట అంటే ఆ హాలు నిండా నా పేరు జబ్బు పేరైపోతుంది, ఇక తుడవడానికి ఉండదు. ఇన్నేళ్లూ ఆ పేరు కోసం గోడ కేసి చూసినదాన్ని. కూచుంటే ఎవరికీ తెలీదు కూడా. అయినా నోరు నా మాట వినలేదు.

'ఆ ఆకు మీద ఉన్నది అందం కాదు, తెగులు. నా పేరు నెల్వా. మా చెల్లెలు ఇలాంటి మొక్కకి నా పేరే పెట్టింది. పేరు మీ పుస్తకంలో ఉంది, చూసుకోండి. తెగులని తెలిశాక మడి మొత్తం గొయ్యి తీసి పూడ్చేసింది. కొంటానని వచ్చినవాడిని తరిమేసింది. నేనేమో ఊరంతా పంచి, మళ్లీ ఊరంతా తిరిగి తవ్వుకున్నాను. ఈవిడని అడగండి, ఈవిడ జుట్టు రింగులు పాడయ్యాయి' అన్నాను. ట్రీనా లేచి, అవునని తలూపింది. దానికి సన్నివేశం మీద మంచి పట్టుంది.

ఆ మొక్క తెచ్చినాయన మొహం చూసి జాలేసింది, ముమ్మూర్తులా నీ మొహమే. దానికి అతను కూడా నాలుగేళ్లు నీళ్లు పోసి ఉంటాడు. తర్వాత ఆయనే వచ్చి కుండీ దింపి, సంచి అడిగాడు. నా చేతిసంచిలో చెత్త సంచులు ఉన్నాయి మరి. ఇచ్చాను.

అంతే, నా చుట్టూ చేరిపోయారు. జేబుల్లోంచి ఆకులు తీసి, 'ఇది చూడండమ్మా, ఇది మంచిదా?' అంటారు. నాకేం తెలుసు? ఒకటి రెండు గుర్తుపట్టాను. మిగతావాటికి, ల్యాబుకి పంపండని గట్టిగా చెప్పాను. ఎవరో 'మీ చెల్లెలి నర్సరీ ఎక్కడ?' అని అడిగారు. చెప్పాను. ఇంకా ఎవరెవరికి చెప్పానో గుర్తులేదు.

నాకు పేరు పోయిందని నువ్వేం ఏడవకు. అక్కడ అంతమంది దాన్ని అన్నిసార్లు పలికారు.

నెల్వా

*

హ్యామిల్టన్
జులై 2001

అక్కా,

నీ ఉత్తరం అందేలోపే వాళ్లొచ్చేశారు.

శనివారం పొద్దున్న గేటు దగ్గర కార్ల చప్పుడైంది. బోర్డు కనపళ్లేదేమో, వెనక్కి పంపిద్దామని వెళ్లాను. కెంటకీ వాళ్లు, విస్కాన్సిన్ వాళ్లు, రోడ్డు వారన వరసగా కార్లు. బోర్డు చదివే వచ్చారట. ఒకాయన దాన్ని పీకి గోడకి ఆనించాడు, నన్ను అడక్కుండానే. 'మీ దగ్గర ఏముందో మేం చూస్తామమ్మా. తెగులుందని చెప్పేవాళ్ల దగ్గర కొనకుండా, చెప్పనివాళ్ల దగ్గర కొంటామా?' అన్నాడు. మధ్యాహ్నానికల్లా ముందు వైపు మడుల్లో ఖాళీలు కనపడ్డాయి. హార్మ్ కుర్చీ గేటు దగ్గరకి మార్పించుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా తను నిచ్చెన మీంచి పడ్డ కథ చెబుతున్నాడు, చెప్పినప్పుడల్లా నిచ్చెన పొడుగవుతోంది. నర్సరీ మూయడం లేదక్కా. ఈ వాక్యం రెండుసార్లు రాసుకుని చూసుకున్నాను. మూయడం లేదు.

అయితే ఒక ఇబ్బంది వచ్చి పడింది. లోపలికి వచ్చిన ప్రతివాళ్లూ చుట్టూ చూసి, 'నెల్వా ఎక్కడ?' అంటున్నారు. మొదటావిడ అడిగినప్పుడు నేను, 'పూడ్చేశామండీ' అన్నాను. ఆవిడ చేతిలో కుండీ జారిపోబోయింది. ఆవిడ అడిగింది మొక్క గురించి కాదు. డి మోయిన్‌లో లేచి నిలబడ్డ ఆవిడ గురించి. అందరూ నీ గురించే అడుగుతున్నారు. నిన్ను చూద్దామనే కొందరు ఇంత దూరం వచ్చారు.

అప్పటి నుంచి, వచ్చే వారం వస్తుందని చెబుతున్నాను. బతికే ఉన్నావని నమ్మించడానికి నాకు వేరే దారి లేదు. తొందరగా రా.

నీ చెల్లెలు,
ఆర్డిత్